ఏడున్నరకు ఎర్ర చుక్క

“టార్చి జర పక్కకు పట్టు, కండ్లల్ల కొడుతుంది,” అంది దెబోరా, టెలిస్కోపు మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆమె భర్త స్టీఫెన్ ఎర్ర కాగితం చుట్టిన టార్చిని కిందికి దించాడు. బెల్లంపల్లిలో వాళ్ల డాబా మీద ఫిబ్రవరి గాలి చల్లగా కొడుతోంది. సరిగ్గా ఏడున్నరకు దెబోరా ఫోను తీసి ‘7.2’ అని కొట్టి నిర్మల్‌లో ఉన్న లింగమూర్తికి పంపింది. ఆ ఫోను ఆమెది కాదు. మూడు నెలల కింద చనిపోయిన ఆమె తండ్రి సామ్యూల్‌ది.

“నాలుగు దినాల సంది ఏడు పాయింట్ రెండే. వెలుగు మారే చుక్క అంటివి, ఏంది కదలదు?”

“నాకేం తెల్సు? కనబడ్డది పంపుతున్న.”

“పెద్దాయన ఏమన్నడు?”

“ఆగు. ఈ మధ్య ఆయనది రెండు నిమిషాలు లేటు వస్తుంది. వేళ్లు వణుకుతయో ఏమో, పాపం.”

ఫోను మోగింది. అటు నుంచీ 7.2. దెబోరా అమ్మయ్య అనుకుంది.

“ఇంకెన్ని రోజులు గీ నాటకం? ఆదివారం చర్చిల అబద్ధమాడొద్దని పిల్లలకు చెప్పేది నువ్వే కద.”

“ఎత్తిపొడువకు. నాకేమన్న సరదానా?”

సరదా కాదు. సామ్యూల్ ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో డ్రిల్లు పట్టి, చెవులు పోగొట్టుకుని ఇల్లు చేరాడు. రోజంతా భూమి కింద గడిపినవాడు కదా, రిటైరయ్యాక ఆకాశం పిచ్చి పట్టింది. ఎక్కడో చుక్కలు చూపించే శిబిరానికి పోతే, నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులేసే లింగమూర్తి దొరికాడు. ఇద్దరికీ ఒకటే చుక్క నచ్చింది. తిమింగలం అనే నక్షత్రరాశిలో ఎర్రటిది, పదకొండు నెలలకోసారి వెలుగు పెరిగి మళ్లీ తగ్గుతుంది. అది కనిపించినన్నాళ్లూ ఎవరి డాబా మీద వాళ్లు నిలబడి, పక్క చుక్కలతో పోల్చి దాని వెలుగుకు ఒక అంకె కట్టాలి. ఏడున్నరకు ఇద్దరూ ఒక్కసారే పంపుకోవాలి. ఒకరిది చూసి ఇంకొకరు దిద్దుకోకూడదు. సామ్యూల్‌కు వినబడదు కాబట్టి ఫోనులో మాటల్లేవు. పన్నెండేళ్లు ఆ అంకెలే వాళ్ల ముచ్చట్లు, మంచీ చెడూ ఏమన్నా ఉంటే వాటి పక్కనే ఒక ముక్క.

పోయే ముందు సామ్యూల్ బిడ్డ చేయి పట్టుకున్నాడు. “లింగమూర్తికి గుండెల స్టెంట్ ఏసిండ్రు. పెండ్లాం పోయినంక ఆయనకు మిగిలింది గీ చుక్క ఒక్కటే. నేను పోయినని తెలిస్తే తట్టుకోడు. నంబర్ ఆపకు బిడ్డా.”

ఆమె ఆపలేదు. ఆ అంకె ఆగితే నిర్మల్‌లో ఒక ముసలి గుండె ఆగుతుందేమోనని రోజూ వంట మధ్యలో వదిలేసి మెట్లెక్కుతోంది.

గాలికి నక్షత్రాల పటం ఎగిరి పిట్టగోడ దగ్గర పడింది. తండ్రి వాడిన పాత పటం చిరిగిపోతే నాలుగు రోజుల కిందే ప్రింటు తీయించిన కొత్తది. స్టీఫెన్ ఏరి తెచ్చి ఆమె ముందు పెట్టాడు, తలకిందులుగా.

“ఉల్టా పెట్టినవ్,” అని తిప్పబోయి దెబోరా ఆగింది. మళ్లీ టెలిస్కోపులోకి చూసింది. మళ్లీ పటం చూసింది. “అయ్యో ప్రభువా!”

“ఏమైంది?”

“గీ టెలిస్కోపుల అన్నీ తలకిందులే కనబడ్తయి. బాపు అందుకే తన పటాన్ని అట్ట మీద ఉల్టా అతికించుకున్నడు. నేను కొత్తదాన్ని సీదా పట్టుకొని చూస్తున్న. నాలుగు దినాల సంది వేరే చుక్కను కొలుస్తున్న! అసలుది పక్కకే ఉంది, దీనికన్న మస్తు వెలుగు.”

స్టీఫెన్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే పోయింది. “మరి పెద్దాయనకు గూడ ఏడు పాయింట్ రెండే ఎట్ల వచ్చింది?”

దెబోరా ఫోనులో నాలుగు రోజుల అంకెలూ వెనక్కి జరిపి చూసింది. లింగమూర్తిది పన్నెండేళ్లు చూసిన కన్ను. బొమ్మ రంగులో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి, చుక్కను పోల్చుకోలేడా?

“ఆయనకు తెల్సిపోయింది,” అన్నాడు స్టీఫెన్ మెల్లగా. “మామ లేడని తెల్సింది. నీ మనసు నొయ్యొద్దని నీ అంకెనే నీకు తిప్పి పంపుతుండు.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. దోస్తు పోయిన దుఃఖం ఎవరికీ చెప్పుకోలేక ఆ ముసలాయన ఒక్కడే మింగుతున్నాడన్న మాట. అదీ తనవల్లే.

తెల్లారి శనివారం. లక్సెట్టిపేట, ఖానాపూర్ మీదుగా బస్సులు మారి మధ్యాహ్నానికి నిర్మల్‌లో దిగింది. తండ్రి రాసి పెట్టుకున్న అడ్రసుతో లింగమూర్తి ఇల్లు కనుక్కుంది. దారి పొడుగునా ఒకటే మాట నెమరేసుకుంది: కాళ్లు పట్టుకుని మాఫీ అడగాలి.

ముప్పై దాటిన ఆడమనిషి తలుపు తీసింది. చేతికి రంగు మరకలున్నాయి.

“నేను వనజను, ఆయన కోడల్ని. మీరు?”

“బెల్లంపల్లి సామ్యూల్ బిడ్డను. దెబోరా.”

వనజ ముఖం పాలిపోయింది. గబగబా లోపలికి పిలిచి, కుర్చీ వేసి, చెంబుతో నీళ్లిచ్చింది.

“మీ బాపుకు దగ్గు తగ్గిందా అక్కా? మస్తు బీమారున్నడని మామ పరేషాన్ అయ్యేటోడు.”

దెబోరా చెంబు కింద పెట్టింది. “ఒక్కసారి పెద్దాయన్ని పిలువు చెల్లె. నేను చేసింది తప్పు. మాఫీ అడుగుదామని వచ్చిన.”

“నువ్వేం తప్పు చేసినవక్కా? తప్పు నాది.” వనజ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “దండం పెడ్త, మీ బాపుకు మాత్రం చెప్పకు. ఆయన తట్టుకోడు.”

“ఏంది చెల్లె? ఏం చెప్పద్దు?”

“మామ దసరాకే పోయిండక్కా, నంబర్లు నేను పెడుతున్న.”