గాలి పంచుకునే తోడు

"సముద్రంలో మునిగిన ఓడ చూడాల్సిందే!" అన్నాడు భర్త.

"అంత లోతుకా? నాకు పైపైన పగడాలు చాలు" అంది భార్య.

స్కూబా యాత్రలు కుదిర్చే ఏజెంటుకు తల బొప్పి కట్టింది. "పోనీ, చెరో యాత్రకు వెళ్ళండి. నీళ్ళలో తోడుగా వేరేవాళ్ళని చూస్తాం."

ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

"తోడు దేనికి?" అడిగాడు భర్త.

"మీ సిలిండర్లో గాలి అయిపోతే, తన గాలి పంచి పైకి తేవడానికి."

భర్త ఓరగా భార్య వైపు చూశాడు. పరాయివాడు ఇస్తాడో, ఇవ్వడో! రోజూ తిడుతూనే మందుబిళ్ళ చేతిలో పెట్టే మనిషి పక్కనే ఉంది.

"ఇద్దరికీ పగడాలకే రాయండి" అన్నాడు.

"ఇద్దరికీ ఓడకే" అంది ఆవిడ, అదే క్షణంలో.

"నీకు లోతంటే భయం కదే!"

"పక్కన మీరుంటారుగా! ఓడకే."

"కాదు, పగడాలకే!"

ఏజెంటు కలం కింద పెట్టేశాడు.