దుప్పటి పరిచిన చోటు

"అక్కడ కూర్చోకండి!"

అంత గట్టిగా అరుస్తానని ఒలీటా కూడా అనుకోలేదు.

మైదానం పక్కన ప్రేక్షకులు కూర్చునే ఇనప మెట్ల మీద, ఆమె పక్కన పరిచి ఉన్న దుప్పటి మీద కూర్చోబోయిన ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"కాలేజీ నుంచి కోచ్ గారొస్తున్నారండీ, మావాడి ఆట చూడ్డానికి. ఆయన కోసం పొద్దున్నే వచ్చి వేశా."

"దుప్పటి వేశాక ఇంక మాటేముందమ్మా," అని ఆయన వెనక మెట్టెక్కాడు.

అక్కడ పైకప్పు లేదు. చినుకులు పడుతున్నాయి.

ఏ పిల్లాడి తాతో అనుకుంది ఒలీటా.

కింద అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఆమె కొడుకు టక్కర్ బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తాడు. ఇద్దరు మీద పడి నేల కరిపించారు.

ఒలీటా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆటకొచ్చి కళ్ళు మూసుకుంటారేంటమ్మా?"

"మెడ విరగలేదు కదా? లేచాడా? లేచాక చెప్పండి."

"లేచాడు. తనని పడేసిన వాణ్ణి కూడా చెయ్యిచ్చి లేపాడు."

"వాడంతేనండీ, పిచ్చిమాలోకం," అంది మురిసిపోతూ.

"ప్రతిసారీ ఎడం చెయ్యే ఇస్తున్నాడు. కుడి భుజం నొప్పా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీకు దణ్ణం పెడతా, ఎవరితోనూ అనకండి. వేసవిలో దెబ్బ తగిలింది. నిద్దట్లో మూలుగుతాడు. తెలిస్తే కాలేజీ వాళ్ళు తీసుకోరు. తీసుకోకపోతే వాళ్ళ నాన్నలాగే బొగ్గు గనిలోకి."

"తీసుకుంటే నిశ్చింతేగా?"

"అదింకా భయం! నిరుడు ఒక్క ఆటా గెలవని జట్టది. గెలుపుకి మొహం వాచిపోయి ఉంటారు. ఆ భుజంతోనే దింపేస్తారు."

ముసలాయన టోపీ తీసి నీళ్ళు దులిపాడు.

"అన్నీ ఓడినవాడి చేతిలో పిల్లాణ్ణి పెట్టాలంటే నాకైనా భయమేనమ్మా."

"బాగుంది! ధైర్యం చెబుతారనుకుంటే మీరూ భయపెడతారేంటండీ!"

ఆయన నవ్వి, టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

అంతలో కాలేజీ ముద్ర ఉన్న ఎర్రకోటు వేసుకుని ఒక పొడుగాటి యువకుడు మెట్లెక్కి వచ్చాడు. ఒలీటా లేచి నిలబడింది. దుప్పటి మీద కూర్చోబెట్టింది. తెల్లారుజామున కాల్చి, గుడ్డలో చుట్టి తెచ్చిన, కారపు మాంసం ముక్కలు కూరిన పెప్పరోనీ రొట్టెలు ఒళ్ళో పెట్టింది.

ముసలాయన ఎప్పుడు దిగిపోయాడో ఆమె చూడలేదు.

ఆట సగంలో చూస్తే కంచె దగ్గర ఆయన టక్కర్‌తో మాట్లాడుతున్నాడు. మెల్లగా వాడి కుడి భుజం తడుముతున్నాడు.

'అయిపోయింది. కొంప ముంచాడు,' అనుకుంది.

ఆట ముగిశాక ఎర్రకోటు యువకుడు కిందికి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చాడు.

"మీవాణ్ణి తీసుకుంటున్నామమ్మా. చదువు ఖర్చంతా కాలేజీదే. కాకపోతే ముందు మా డాక్టరు ఆ భుజం బాగుచెయ్యాలి. ఏడాది పట్టినా సరే, మానేదాకా మైదానంలో అడుగుపెట్టనివ్వం."

ఒలీటాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ ముసలాయన మీకు చేరవేశాడన్నమాట! పోన్లెండి, మంచే జరిగింది. మీరు చల్లగా ఉండాలి కోచ్ గారూ."

"నేను కోచ్‌ని కాదమ్మా, ఆయన సహాయకుణ్ణి. దెబ్బ తగిలిన పిల్లల్ని దింపనని మొండికేసి నిరుడు అన్నీ ఓడారాయన. ఊరంతా తిట్టినా మాట మార్చుకోలేదు."

 ఇన్నాళ్ళూ తను భయపడింది ఇలాంటి మనిషి గురించా, అనుకుంది ఒలీటా.

దుప్పటి దులిపి మడతపెట్టింది. మిగిలిన రొట్టెలు అందులో చుట్టింది.

"ఇవి ఆయనకివ్వండి బాబూ. ఆయన కూడా వచ్చుంటే నా పక్కనే కూర్చోబెట్టుకునేదాన్ని."

యువకుడు మైదానం బయటికి చూశాడు. పక్క ఊళ్ళో ఇంకో పిల్లాణ్ణి చూడటానికి బయల్దేరిన కారొకటి అప్పుడే మలుపు తిరిగిపోతోంది.

"వచ్చారు కదమ్మా... మీ వెనక మెట్టు మీద తడుస్తూ కూర్చున్నది ఆయనే."