ఐదో దెబ్బ

ఆంటో చనిపోయిన నలభయ్యో రోజు రాత్రి, మాధవరంలోని బ్యాండ్ ప్రాక్టీసు గదిలో ఇంద్రజ ఒక్కతే కూర్చుని అతని సోలో ఆల్బమ్ పెట్టింది. ఆమెతో పోట్లాడి తమ బ్యాండ్ విడిచాక, గిటారు, బేసు, పాట అన్నీ తనే చూసుకుని అతను ఆ ఆల్బమ్ చేశాడు. బ్యాండ్‌లో ఇంద్రజ వాయించే డ్రమ్స్ మాత్రం పెట్టుకోలేదు. "నీ చోట ఇంకొకర్ని కూచోబెట్టేది నావల్ల కాదు మే," అన్నాడు చివరిసారి ఫోన్లో. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఎనిమిది పాటలు అయిపోయాయి. ఆఖరిదైన తొమ్మిదోదానికి ముందు స్పీకర్లో డ్రమ్ కర్రలు మోగాయి. టిక్, టిక్, టిక్, టిక్.

డ్రమ్స్ లేని ఆల్బమ్‌లో కర్రలేమిటి?

పాట ఎత్తుకోవడానికి డ్రమ్మర్లందరూ కర్రలతో నాలుగు దెబ్బలు కొడతారు. మొదటి కచేరీలో కంగారుపడి ఇంద్రజ ఐదు కొట్టింది. అప్పటినుంచి వాళ్ల బ్యాండ్‌కి ఐదే లెక్క. అలవాటుగా ఆమె వేలు బల్లమీద ఐదోది కొట్టింది. వెంటనే గిటారు అందుకుంది.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. పాట ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుంది. నాలుగు దెబ్బలు మోగాయి. ఆ తర్వాత ఏమీ లేదు. నిమిషం గడిచింది. స్పీకర్లో ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది.

"కొట్టు మే," అన్నాడు ఆంటో మెల్లిగా. "ఈడనే ఉండా."

ఇంద్రజ వేలు లేచింది. కొడితే పాట మొదలవుతుంది. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది కూడా.

వేలు అలాగే గాల్లో ఉంచింది.