నూట నాలుగో పేజీ

కొత్త అణువులను కనిపెట్టే పనీ, అవి కొత్తవో కావో తేల్చే పనీ యంత్రాలే చేస్తున్న రోజులవి. పేటెంటు ఆఫీసులో రెబెకాకు సంతకం ఒక్కటే మిగిలింది. రోజుకు నాలుగు వందల దరఖాస్తులు తెర మీదికి వచ్చేవి. ఆమె అణువు బొమ్మ వైపైనా చూడకుండా సంతకంగా వేలు ఆనించేది.

ఆ మంగళవారం ఎందుకో చూసింది. రెండు నైట్రోజన్లున్న వలయం, దానికి అంటుకుని గంధకమున్న మరో వలయం. మూర్ఛరోగానికి మందట. ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్లు చేతులు కాల్చుకుని ఆమె తయారుచేసింది దాన్నే. ఎందుకూ పనికిరాదని అప్పట్లో గురువుగారు పక్కన పెట్టించారు.

ఆ పని మీద ఆమె రాసిన థీసిస్ ఏ యంత్రానికీ ఎక్కలేదు. రెబెకా సెలవు పెట్టి, బస్సెక్కి, పాత కాలేజీ లైబ్రరీలో దాన్ని వెతికి పట్టుకుంది. నూట నాలుగో పేజీలో అదే బొమ్మ. మర్నాడు దరఖాస్తును తిరస్కరించింది.

పై అధికారి పరాంకుశం గారు పిలిపించారు. "యంత్రం కొత్తదేనంది కదమ్మా?"

"ముప్పై ఏళ్ల కిందట నేనే చేశాను సార్. పుస్తకం అప్పట్నుంచీ లైబ్రరీలోనే ఉంది, ఇంక కొత్తదెలా అవుతుంది?"

ఆయన ఆమె తెచ్చిన పేజీ నకలు చూశారు. "అయితే మందు మీ పేరు మీద వస్తుందా?"

"రాదు సార్. అది ఇంక ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా చేసుకోవచ్చు."

"మరి సంతోషంగా లేదూ?"

రెబెకా లోలోపల వెతుక్కుంది. ఏమీ తగల్లేదు.

"తెలీడం లేదు సార్," అంది. "ఆ రోజుల్లో ఇది పనికొస్తుందని ఎవరైనా అనుంటే ఏడ్చేసేదాన్ని."