గారు తీసేశాక

పార్టీ లోపలి ఎన్నికలో పెద్దల మనిషిని ఓడించి ఆ పెద్ద పార్టీ టికెట్టు కొట్టేసిన బస్సు డ్రైవరమ్మ, నేరుగా పార్టీ ఆఫీసుకొచ్చింది.

“ఇంటద్దెలకి కళ్ళెం వెయ్యాలి. మన పార్టీలో ఈ ‘గారూ’, ‘మీరూ’ కూడా పోవాలి,” అంది.

అధ్యక్షులవారు గడ్డం నిమురుకున్నారు. రెండోది ఖర్చులేని పని.

“అద్దెల సంగతి తర్వాత చూద్దాం. రెండోది ఇప్పట్నుంచే అమలు. ఇక అందరం అన్నా, అక్కా, నువ్వూ. తృప్తేనా అక్కా?” అన్నారు, పెద్ద కుర్చీలో వెనక్కి వాలుతూ.

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవరమ్మ కూడా కొట్టింది.

“సరే అన్నా. ఇక లే. అద్దెల సంగతి నేను చూస్తా.”

వాళ్ళమ్మ పోయాక ఆయనతో ‘లే’ అన్నవాళ్ళు లేరు. పాత అలవాటు కొద్దీ అధ్యక్షుడు లేచాడు.