అరవై దాటకుండా

“ఇది కారా, ఊరేగింపా?” అంది ఆమె.

స్పీడోమీటరు ముల్లు అరవై దగ్గరే వణుకుతోంది. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

“కొత్త ఇంజను. మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగానే నడపాలి. షోరూంలో చెప్పారు” అన్నాడు భర్త.

“కోర్టులో చెప్పింది గుర్తులేదా?”

గుర్తుంది. పేరు పిలిచేసరికి ఇద్దరూ జడ్జి ముందు ఉండాలి. లేకపోతే వాయిదా. అంటే విడాకుల కోసం మళ్లీ ఆర్నెల్లు, ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహం.

నిన్నటిదాకా ఆమె అతణ్ణి ‘మీరు’ అనేది. ఈ పొద్దున కారెక్కాక అది కాస్తా ‘నువ్వు’ అయింది.

“కావాలనే చేస్తున్నావ్. ఆలస్యమైతే ఇంకో ఆర్నెల్లు నన్ను కాల్చుకు తినొచ్చని!”

“డాష్‌బోర్డు మీద కొట్టకు.”

అతడిది తాటిచెట్టంత ఎత్తు. క్లచ్ తొక్కినప్పుడల్లా మోకాలు స్టీరింగుకు తగులుతోంది.

“ఆ సీటు వెనక్కి జరుపుకుని ఏడవొచ్చుగా!”

“ఉండనీ.”

“అవున్లే, జరిపితే అరిగిపోతుంది!”

ఓ ముసలాయన స్కూటరు మీద వాళ్లను దాటుతూ, లోపలికి జాలిగా చూసి వెళ్లాడు.

“గట్టిగా తొక్కకూడదు. కొత్తలో జాగ్రత్తగా చూసుకుంటే కలకాలం మన్నుతుంది” అని గొణిగాడు అతడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“నేనూ ఒకప్పుడు నీ ఇంటికి కొత్తే! అప్పుడీ మాట చెప్పే షోరూం లేకపోయిందా నీకు? వచ్చిన వారానికే ఉప్పు ఎక్కువైందని కంచం విసిరావ్. ముచ్చటపడి లైసెన్సు తెచ్చుకుంటే ‘పొట్టిదానివి, నీ కాళ్లకు బ్రేకు అందుతుందా’ అని పదిమందిలో నవ్వావ్. పాత కారు తాళం ఒక్కనాడైనా నన్ను ముట్టుకోనిచ్చావా? ఈ ఇనప డబ్బాకేమో ఇంత మర్యాద!”

అతడి మెడ ఎర్రబడింది. ముల్లు మాత్రం అరవై దాటలేదు.

పేరు పిలుస్తుండగా లోపలికి పరుగెత్తారు. సంతకాలు అయిపోయాయి.

బయటికొచ్చాక అతడు తన చేతిరుమాలుతో కారు అద్దం మీది దుమ్ము తుడిచాడు. ఆమె పళ్లు నూరుకుంటూ బ్యాగు భుజాన వేసుకుంది. అతడు వచ్చి తాళం ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంకొన్నాళ్లు అరవై దాటించకండి.”

ఇన్నేళ్ల కాపురంలో అతడి నోట వినని ఆ ‘అండి’ ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

“ఎవడిక్కావాలి నీ బండి!” అని అరిచింది.

అతడు వెనక్కి తిరక్కుండా వెళ్లి, ఆగివున్న బస్సెక్కేశాడు.

బస్సును వెంటాడి ఆ తాళం అతడి మొహాన కొట్టాలని ఆమె విసురుగా డ్రైవరు సీట్లో కూలబడితే, సీటు అంగుళమైనా జరపకుండానే ఆమె కాలికి బ్రేకు అందింది.