అందరి గొంతు

పెళ్లికి ముందు నీలవేణి తన గొంతును, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే లైసెన్సుతో లోకానికి ఇచ్చేసింది. ఇప్పుడు బస్సులు, లిఫ్టులు, ఆఖరికి కుక్కర్లు కూడా ఆ గొంతుతోనే మాట్లాడుతున్నాయి. వెనక్కి తీసుకుంటానంటే, "అందరికీ ఇచ్చేశాక కుదరదమ్మా" అన్నారు లైసెన్సు ఆఫీసులో.

నిన్న బెజవాడ బస్టాండులో ఆమె కూతురు తన్వి చెయ్యి విడిపించుకుని, వెనక్కి వస్తున్న బస్సు వైపు పరుగెత్తింది.

"ఆగు! బస్సొస్తోంది!" అని నీలవేణి గొంతు చించుకుని అరిచింది. పాప ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్లూ తలెత్తలేదు. చివరికి తనే పరుగున వెళ్లి, రెక్క పట్టుకుని పక్కకు లాగింది. బస్సు వాళ్లను రాసుకుంటూ పోయింది.

"అరిస్తే వినపడలేదా?" అంది.

"మిషను అరుస్తోందనుకున్నా. ఇంకో గొంతుతో పిలవొచ్చుగా అమ్మా?"

నీలవేణి పాపను గుండెలకు అదుముకుంది. ఆమెకున్నది ఆ ఒక్క గొంతే.